పికప్ ట్రక్ లగ్ నట్లకు ఏ సాకెట్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న మా స్నేహితులు ఒక్కొక్కరే సెడాన్ నుంచి పికప్‌కి మారుతున్నారు. కొనేముందు ఇంజిన్ గురించీ, మైలేజీ గురించీ, ఎంత బరువు లాగుతుందన్న దాని గురించీ అన్నీ చదువుతారు. చక్రం ఊడదీయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఫోన్ వస్తుంది: "ఏ సైజు సాకెట్ కొనాలి?" ఆ తర్వాత వచ్చే సందేహాలూ దాదాపు అందరివీ ఒకటే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడి కొలతలు అమెరికాలో అమ్మే ట్రక్కులవి, అదీ ఫ్యాక్టరీలో బిగించిన లగ్ నట్లకు, అంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే నట్లకు. సాకెట్ అంటే ఆ నట్టు మీదికి ఎక్కి దాన్ని తిప్పే గొట్టం లాంటి పనిముట్టు. మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోండి. మిగతావి చదవకపోయినా జవాబు అర్థమవుతుంది.

## సైజు తేల్చుకోవడం

మా ట్రక్‌కి ఏ సైజో సూటిగా చెప్పండి.

ఫోర్డ్ ఎఫ్-150 అయితే 21 మి.మీ. 2004 నుంచి 2014 దాకా వచ్చినవాటికీ, 2015 తర్వాతివాటికీ స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) మరలు వేరు, కానీ సాకెట్ సైజు ఒకటే. షెవర్లే సిల్వరాడో 1500, జీఎంసీ సియెరా 1500 అయితే 22 మి.మీ. ర్యామ్ 1500కి కూడా 22. ఈ కంపెనీ తన మాన్యువల్‌లో టార్క్ (ఎంత బిగించాలన్న కొలత) పట్టికలోనే సాకెట్ సైజు కూడా అచ్చువేస్తుంది, మంచి పద్ధతి. టయోటాలో రెండు రకాలున్నాయి. 2005 నుంచి 2023 దాకా వచ్చిన టకోమాకి 21, 2007 నుంచి 2021 దాకా వచ్చిన టండ్రాకి 22. నిస్సాన్ ఫ్రాంటియర్‌కి 21.

అంటే పికప్‌లలో ఎక్కువ భాగం 21, 22 అనే రెండు సైజుల్లోనే తేలిపోతాయి. అయినా సరే, డబ్బు పెట్టేముందు మీ చక్రం మీదున్న నట్టును ఒకసారి కొలవండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రక్ అయితే ఫ్యాక్టరీ నట్లే ఉంటాయన్న నమ్మకం లేదు.

మాన్యువల్‌లో 14 మి.మీ. అని ఉంది. 14 సాకెట్ తెస్తే నట్టు ముందు బొమ్మలా ఉంది. ఎక్కడ పొరపాటు?

ఆ 14 నట్టు సైజు కాదు, నట్టు ఎక్కే స్టడ్ మందం. "14 × 1.5" అని రాసుంటే స్టడ్ వ్యాసం 14 మి.మీ., ఒక మరకీ ఇంకో మరకీ మధ్య దూరం 1.5 మి.మీ. అని అర్థం. కొత్త నట్లు కొనేటప్పుడు ఈ అంకె కావాలి. సాకెట్ కొనేటప్పుడు కావలసింది నట్టు బయటి కొలత, అంటే ఎదురెదురు పలకల మధ్య దూరం.

ఈ రెంటికీ నేరు లెక్కేమీ లేదు. ఎఫ్-150కీ, సిల్వరాడోకీ స్టడ్ 14 మి.మీ.నే, సాకెట్ మాత్రం ఒకదానికి 21, ఇంకోదానికి 22. టకోమా స్టడ్ 12 మి.మీ.నే, కానీ దాని నట్టుకూ 21 సాకెట్టే. స్టడ్‌ను బట్టి సాకెట్‌ను ఊహించకండి.

ఇంతకుముందు కామ్రీకి కొన్న సాకెట్ ఉంది. పికప్‌కి పనికొస్తుందా?

కామ్రీ నట్టు 21 మి.మీ. కాబట్టి ఎఫ్-150కీ, 2023 దాకా వచ్చిన టకోమాకీ సరిపోతుంది. సిల్వరాడో, ర్యామ్, టండ్రా నట్ల మీదికి అసలు ఎక్కదు. మీ దగ్గరున్నది హోండా కోసం కొన్న 19 అయితే, ఇక్కడ చెప్పిన ఏ పికప్‌కీ పనికిరాదు. టకోమా ఇచ్చేసి టండ్రా తీసుకున్నవాళ్లు "రెండూ టయోటాయే కదా" అనుకుని పాత సాకెట్‌నే సీటు కింద పెట్టుకుంటున్నారు. అది మార్చండి.

నట్టును ఎలా కొలవాలి? టేపుతో సరిపోతుందా?

టేపుతో కుదరదు. 21కీ 22కీ తేడా ఒక్క మిల్లీమీటరే. వెర్నియర్ కాలిపర్ తీసుకోండి, చవకరకం డిజిటల్‌ది చాలు. దాని దవడలు నట్టు ఎదురెదురు పలకలకు ఆనాలి, మూలలకు కాదు. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. 22 మి.మీ. నట్టును మూల నుంచి మూలకు కొలిస్తే సుమారు 25.4 వస్తుంది. అది సరిగ్గా ఒక అంగుళం కావడంతో "మా ట్రక్‌కి ఒక అంగుళం సాకెట్ కావాలి" అని తేల్చేసుకుంటారు. 21 నట్టు అయితే మూలల మధ్య 24.2 దాకా చూపిస్తుంది.

నట్టు మీద మట్టి, తుప్పు తుడిచి కొలవండి. కొత్త నట్టు కొలత దానికి చెప్పే సైజు కంటే పిసరు తక్కువ వస్తుంది, 20.8 వచ్చిందంటే అది 21 నట్టే. ఒకే చక్రం మీద కనీసం రెండు నట్లు కొలవండి. తాళం నట్టు (దొంగతనం జరగకుండా వేరే ఆకారంలో పెట్టేది) ఉంటే దాన్ని వదిలేయండి.

నా దగ్గర అంగుళాల సాకెట్లున్నాయి. మి.మీ. నట్లకు వాడొచ్చా?

లెక్క ఇదీ: 3/4 అంగుళం అంటే 19.05 మి.మీ., 13/16 అంటే 20.64, 7/8 అంటే 22.23.

3/4కీ 19కీ తేడా వెంట్రుకవాసి. నిశ్చింతగా వాడొచ్చు. 22 నట్టు మీద 7/8 వేస్తే కొంచెం వదులు ఉంటుంది, రోడ్డు మీద ఇరుక్కుపోతే అవసరానికి పనిచేస్తుంది. 13/16 మాత్రం 21 నట్టుకు బిగుతు. కొన్నింటి మీద ఎక్కుతుంది, కొన్నింటి మీద ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే తిరిగి ఊడదీయడం ఇంకో పని. ఇంట్లో శాశ్వతంగా ఉంచుకోవడానికైతే మి.మీ. సాకెట్టే కొనండి. కొద్దిపాటి వదులైనా ప్రతిసారీ నట్టు మూలలనే తింటుంది.

సెకండ్‌హ్యాండ్ ట్రక్ కొన్నాను. రిమ్‌లు మార్చినట్టున్నారు. ఇప్పుడు సైజు ఎలా తెలుస్తుంది?

కొలిచి చూడటం తప్ప దారి లేదు. బయట కొన్న రిమ్‌లలో నట్టు రంధ్రాలు తరచుగా ఇరుకుగా ఉంటాయి, అందుకని వాటితోపాటు చిన్న తల ఉన్న నట్లు ఇస్తారు. ఫ్యాక్టరీలో 22 ఉన్నచోట 21 గానీ, 19 గానీ ఉండొచ్చు.

నట్టుకు ఆరు పలకలు లేకుండా చుట్టూ గాడులు కనిపిస్తే అది స్ప్లైన్ రకం. దానికి మామూలు సాకెట్ పట్టదు. ఆ గాడులకు సరిపోయే చిన్న కీ ముక్కను ముందు నట్టు మీద పెట్టి, దాని మీద సాకెట్ వెయ్యాలి. బండి కొనే రోజే పాత ఓనర్‌ని ఆ కీ అడిగి తీసుకోండి. గ్లవ్ బాక్స్, కన్సోల్, సీటు వెనక పనిముట్ల సంచీ అన్నీ వెతికించండి. ఆ ముక్క లేకుండా బండి తెచ్చుకుంటే పంక్చరైన రోజున చక్రం ఊడి రాదు.

## కొనేటప్పుడు

ట్రక్‌తోపాటు కంపెనీవాళ్లు పానా ఇచ్చారు. అది ఉండగా ఇంకోటి కొనాలా?

కొనాలనే నా మాట. సైజు విషయంలో కంపెనీ పానా తప్పదు, అది మీ నట్టుకోసమే చేసింది. చిక్కల్లా దాని పొడవు. చేతికి అందే పిడి పొట్టిగా ఉంటుంది. చాలా పికప్‌ల నట్లు 130, 140, 150 ఫుట్-పౌండ్ల బిగువులో ఉంటాయి. పిడి ఒక అడుగే ఉంటే 150 ఫుట్-పౌండ్ల నట్టును కదపడానికి 150 పౌండ్ల బరువు వెయ్యాలి, అంటే దాదాపు ఒక మనిషి బరువు. అదే రెండడుగుల బార్ (సాకెట్‌ను తిప్పే పొడవాటి పిడి) అయితే 75 పౌండ్లు చాలు. తుప్పు పట్టిన నట్టుకు ఇంతకంటే ఎక్కువే కావాలి. కంపెనీ పానా బండిలో ఉండనివ్వండి, దాని పక్కనే ఒక మంచి సాకెట్, ఒక పొడవాటి బార్ పెట్టుకోండి.

6 మూలల సాకెట్టా, 12 మూలలదా?

6 మూలలదే. లగ్ నట్ల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఆరు మూలల సాకెట్ గోడలు నట్టు పలకల మీద ఆనుతాయి. బలం పలక వెడల్పంతా పంచుకుంటుంది. పన్నెండు మూలలదానిలో బలమంతా నట్టు మూలల దగ్గర సన్నటి గీత మీద పడుతుంది. నట్టు కొత్తదైతే తెలియదు. నాలుగు చలికాలాలు ఉప్పు నీళ్లు తాగిన నట్టయితే మూల ఒరుసుకుపోయి సాకెట్ జారుతుంది. ఒక్కసారి జారిందంటే తర్వాత సరైన సాకెట్ పెట్టినా పట్టు దొరకదు. ఇరుకు చోట్ల కొద్దికొద్దిగా తిప్పాల్సిన పనులకు 12 మూలలది బాగుంటుంది. చక్రం దగ్గర ఆ అవసరమే రాదు, చుట్టూ కావలసినంత జాగా ఉంటుంది.

డీప్ సాకెట్టే కావాలా? పొట్టిది చాలదా?

డీప్‌దే తీసుకోండి. కారణాలు రెండు. పికప్ అలాయ్ చక్రాల్లో నట్లు రంధ్రాల లోపలికి ఉంటాయి, పొట్టి సాకెట్ సగంలోనే ఆగిపోతుంది. రెండోది, కొన్ని నట్లకు పైన మూత ఉండదు, స్టడ్ నట్టులోంచి బయటికి పొడుచుకొస్తుంది. పొట్టి సాకెట్ అడుగు ఆ స్టడ్‌కి తగిలి, నట్టు పలకల మీద పైపైనే ఆనుతుంది. చూడ్డానికి ఎక్కినట్టే ఉంటుంది, బలం వేయగానే జారుతుంది.

కొనేటప్పుడు మొత్తం పొడవు ఒక్కటే చూడకండి. కొన్ని డీప్ సాకెట్లలో ఆరు మూలల గాడి ముందువైపు కొంచెమే ఉంటుంది, వెనకంతా గుండ్రటి గొట్టం. ఆ గుండ్రటి భాగం మీ స్టడ్ పట్టేంత వెడల్పుగా ఉందో లేదో లోపలికి తొంగి చూడండి.

నల్ల సాకెట్లకీ, మెరిసేవాటికీ తేడా ఏంటి?

నల్లవి ఇంపాక్ట్ గన్‌కి, అంటే దెబ్బలు కొడుతూ నట్టును తిప్పే యంత్రానికి చేసినవి. ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినమ్ ఉక్కుతో, మందమైన గోడలతో వస్తాయి. దెబ్బ మీద దెబ్బ పడినా తట్టుకుంటాయి. మెరిసేవి ఎక్కువగా క్రోమ్ వెనేడియం, చేత్తో తిప్పడానికి. వాటి ఉక్కు గట్టిదే, కానీ పెళుసు. గన్‌కి తగిలిస్తే చిట్లి ముక్కలు ఎగరవచ్చు. కంటికి ప్రమాదం.

నల్లదాన్ని చేత్తో వాడటానికి ఏ అడ్డూ లేదు, మెరిసేదాన్ని గన్‌కి వాడకూడదు. ఒక్కటే కొనేటట్టయితే నల్లదే కొనండి.

నల్ల సాకెట్ అలాయ్ చక్రం రంధ్రంలో పట్టట్లేదు. బలవంతంగా తోస్తే గీతలు పడుతున్నాయి.

సాకెట్ సైజు సరైనదే, గోడ మందం ఎక్కువైంది. ఇలాంటి చక్రాలకోసమే పలచటి గోడల ఇంపాక్ట్ సాకెట్లు దొరుకుతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, చక్రానికి ఇనుము తగలదు. 17, 19, 21 మూడూ కలిపి సెట్‌గా అమ్ముతారు. సాధారణంగా 17 నీలం, 19 పసుపు, 21 ఎరుపు రంగు తొడుగుతో వస్తాయి. సిల్వరాడో, ర్యామ్, టండ్రా వాళ్లు జాగ్రత్త: ఆ మూడింటిలో 22 ఉండదు, విడిగా కొనాలి.

ప్లాస్టిక్ తొడుగు చిరిగితే సాకెట్‌ను చక్రంలోకి పెట్టకండి. చిరిగిన అంచు లోపల ఇరుక్కుంటుంది, ఇనుము బయటపడ్డచోట గీత పడుతుంది.

నా రాట్చెట్ (సాకెట్‌ను తిప్పే పళ్ల పిడి) 3/8 డ్రైవ్. సాకెట్ కూడా అదే సైజులో కొననా?

వద్దు. డ్రైవ్ అంటే పిడికి ఉండే చదరపు మూతి సైజు, అది సాకెట్ వెనక రంధ్రంలో దూరుతుంది. 1/2 అంగుళం డ్రైవ్‌లో కొనండి. సన్నటి 3/8 చదరం మీద పికప్ నట్టు బిగువంతా వేస్తే రాట్చెట్ లోపలి పళ్లు విరుగుతాయి. "అడాప్టర్ పెట్టుకుంటా" అంటారు కొందరు. అడాప్టర్ పెట్టినా ఆ బలం 3/8 రాట్చెట్ మీదే పడుతుంది. 3/4 డ్రైవ్ పెద్ద లారీల పనిది, ఇంటికి బరువు చేటు.

ప్లస్ ఆకారంలో ఉండే నాలుగు మూతుల పానా సరిపోదా?

సరిపోతుంది, బాగానే పనిచేస్తుంది. రెండు చేతులతో ఒకవైపు తోస్తూ ఇంకోవైపు లాగొచ్చు, కాబట్టి నట్టు మీద బలం వంకరగా పడదు. మీ సైజు ఆ నాలుగింటిలో ఉందో లేదో చూసుకోండి. అంగుళాల్లో ఉన్నది కొని 21 నట్టుతో తంటాలు పడేవాళ్లు చాలామంది. చక్రం రంధ్రాలు ఇరుకైతే దీని మందపాటి మూతి లోపలికి పోదు, అదొక్కటే లోటు.

## ఇప్పేటప్పుడు

నట్టు కదలట్లేదు. బార్ మీద నిలబడమంటారా?

నిలబడకండి. సాకెట్ జారితే మనిషి పడతాడు, లేదా స్టడ్ విరుగుతుంది.

ముందు చక్రం నేల మీదే ఉందో లేదో చూడండి. జాకీతో లేపాక ఇప్పడం మొదలుపెడితే చక్రం తిరుగుతుంది, బండి కదిలే ప్రమాదమూ ఉంది. పార్కింగ్ బ్రేక్ వేసి, ఎదురు చక్రానికి అడ్డుపెట్టి, చక్రం నేల మీదుండగానే ప్రతి నట్టునూ పావు చుట్టు వదులు చేయండి. ఆ తర్వాతే జాకీ. సాకెట్‌ను నట్టు అడుగు దాకా నెట్టి, ఒక చేత్తో సాకెట్ తలను చక్రంవైపు అదిమిపట్టుకుని, రెండో చేత్తో బార్‌ను తొయ్యండి. సాధారణంగా జారేది ఆ అదుముడు లేకనే. బార్ పిడి అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉండేలా పెట్టుకుంటే మీ బరువు కిందికి పనిచేస్తుంది. అప్పటికీ రాకపోతే చొచ్చుకుపోయే నూనె మరల దగ్గర వేసి కాసేపు ఆగండి. బ్రేక్ డిస్క్ మీద పడనివ్వకండి. టార్క్ రెంచ్‌ను (బిగువు కొలిచి బిగించే పానాను) ఇప్పడానికి వాడొద్దు, దాని కొలత చెడిపోతుంది.

21 సాకెట్టే కొన్నాను, నట్టూ 21వే. అయినా ఎక్కట్లేదు.

నట్టు ఉబ్బింది. ఫోర్డ్ పికప్‌ల వాళ్లు తరచుగా అడిగేది ఇదే. చాలా ఫ్యాక్టరీ నట్లు ఒకే ముక్క కాదు. లోపల మామూలు ఉక్కు నట్టు, పైన మెరుపుకోసం పలచటి స్టెయిన్‌లెస్ రేకు తొడుగు. ఆ రెంటి మధ్యకు నీళ్లు చేరి, చలిదేశపు రోడ్ల మీద చల్లే ఉప్పు తోడై, లోపలి ఉక్కు తుప్పుపడుతుంది. తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది, పైన రేకు పొంగుతుంది. టైర్ షాపులో గన్‌తో ఎడాపెడా బిగించినా రేకు మూలలు నలుగుతాయి. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో తిరిగిన బండి టెక్సస్‌కి వస్తే ఆ తుప్పు వెంటే వస్తుంది.

ఒక్కో నట్టును వేలితో తడిమి చూడండి. పలక చదునుగా కాక మధ్యలో ఉబ్బుగా తగిలితే, లేదా రేకు అంచు లేచి ఉంటే ఇదే కారణం. ఇప్పటికి తీయాలంటే 21.5 మి.మీ. సాకెట్ దొరుకుతుంది, ఇలాంటి ఉబ్బిన నట్లకోసమే చేస్తారు. అది లేకపోతే 6 మూలల 22 పెట్టి మెల్లగా బలం పెంచుతూ ప్రయత్నించండి. బయటికి వచ్చాక ఆ నట్లు మళ్లీ బిగించకండి. తొడుగు లేని, ఒకే ముక్కగా చేసిన నట్ల సెట్ కొని మొత్తం మార్చేయండి. పాత స్టడ్ మర కొలతా, నట్టు ఆనే చోటి ఆకారమూ సరిపోయినవే తీసుకోవాలి. 2014 దాకా ఎఫ్-150 మర 14 × 2.0, 2015 నుంచి 14 × 1.5. ఇవి ఒకదానికొకటి పట్టవు.

సిల్వరాడో నట్ల మీద నల్ల ప్లాస్టిక్ మూతలున్నాయి. వాటి మీదే సాకెట్ పెట్టాలా?

అవి అలంకారం మూతలు, మధ్య క్యాప్‌ను పట్టుకుని ఉంటాయి. వాటిని చేత్తో మెల్లగా తిప్పి వదులు చేసి తీసేయండి. అసలు నట్టు లోపల ఉంటుంది. ఇంపాక్ట్ గన్ పెట్టారంటే ప్లాస్టిక్ ముక్కలవుతుంది.

ఒక్కో చక్రానికి ఒక నట్టు వేరేలా ఉంది, సాకెట్ పట్టట్లేదు.

అది దొంగలు చక్రాలు ఎత్తుకుపోకుండా పెట్టిన తాళం నట్టు. దాని గాడికి సరిపోయే కీ మీ బండితోనే వచ్చి ఉంటుంది. కీని నట్టు మీద పూర్తిగా దించి, కీ తల మీద సాకెట్ పెట్టి చేత్తోనే ఇప్పాలి. గన్ వాడితే కీ పళ్లు విరుగుతాయి, అప్పుడు నాలుగు చక్రాలూ బిగిసి కూర్చుంటాయి. కీతోపాటు కోడ్ నంబర్ రాసున్న కార్డు వస్తుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కీ పోయినా ఆ నంబర్‌తో ఇంకోటి తెప్పించుకోవచ్చు. కార్డూ పోతే డీలర్ దగ్గరికి గానీ, టైర్ షాపుకి గానీ వెళ్లాలి.

నట్టు మూలలు అరిగిపోయాయి. ఇప్పుడేం చెయ్యాలి?

గాడులు వంపు తిరిగిన ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ కొనండి. దాన్ని సుత్తితో నట్టు మీదికి దించి, బార్‌తో ఎడమకు తిప్పుతుంటే గాడులు లోహంలోకి దిగి పట్టు బిగుస్తుంది. చేతిలో అది లేకపోతే ఒక సైజు తక్కువ 6 మూలల ఇంపాక్ట్ సాకెట్‌ను కొట్టి ఎక్కించడం పాత పద్ధతి. 21 నట్టు మీదికి 13/16 ఇలాగే దిగుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. స్టడ్ కూడా నట్టుతోపాటు తిరగడం మొదలైతే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. అలా తీసిన నట్టును పారేయడమే.

## బిగించేటప్పుడు

ఎంత బిగించాలి?

మాన్యువల్‌లో ఉన్నంత, అంతకు ఎక్కువా వద్దు తక్కువా వద్దు. ఎఫ్-150కి 150 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 203 న్యూటన్ మీటర్లు. సిల్వరాడో 1500కి 140, ర్యామ్ 1500కి 130. 2005 నుంచి 2023 దాకా టకోమాకి 83 మాత్రమే. టండ్రాలో 2007 నుంచి 2021 దాకా అలాయ్ చక్రమైతే 97, స్టీల్ చక్రమైతే 154. ఒకే ట్రక్‌కి చక్రాన్ని బట్టి ఇంత తేడా ఉంది, కాబట్టి "పికప్ కదా, 150 కొట్టేద్దాం" అనుకోవద్దు.

నట్లన్నీ ముందు వేళ్లతో ఎక్కించండి, మర అడ్డంగా పట్టిందేమో చేతికే తెలుస్తుంది. తర్వాత ఒకదానికి ఎదురుగా ఉన్నది మరొకటి అన్న వరసలో కొద్దికొద్దిగా బిగించి, చక్రం నేలకు దించాక టార్క్ రెంచ్‌తో ముగించండి.

ఇంపాక్ట్ గన్‌తో టక్‌మని బిగిస్తే పనైపోదా?

గన్‌తో ఇప్పండి, బిగించడం మాత్రం వద్దు. అది ఎంత బిగించిందో ఎవరికీ తెలియదు. ఎక్కువైతే స్టడ్ సాగుతుంది, బ్రేక్ డిస్క్ మీద ఒత్తిడి అన్ని వైపులా సమానంగా ఉండదు. తక్కువైతే చక్రం వదులవుతుంది. టైర్ షాపులో వేయించుకున్నా "టార్క్ రెంచ్‌తో చూశారా?" అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఎక్స్‌టెన్షన్ వేస్తే టార్క్ రెంచ్ తప్పు చూపిస్తుందా?

లేదు. సాకెట్‌కీ రెంచ్‌కీ మధ్య నిటారుగా ఉండే ఎక్స్‌టెన్షన్ టార్క్‌ను మార్చదు. అటూ ఇటూ వంగే కీళ్ల రకం వాడకండి.

మళ్లీ ఊడదీయడం తేలికవుతుందని మరలకు గ్రీజు రాయొచ్చా?

మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప రాయొద్దు. టార్క్ అంకెలు పొడి మరల లెక్కన ఇచ్చినవి. గ్రీజు ఉంటే రాపిడి తగ్గి, రెంచ్ 150 చూపించేలోపే స్టడ్ దానికంటే చాలా ఎక్కువ సాగిపోతుంది. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, గుడ్డతో తుడిస్తే చాలు.

చక్రం మార్చాక మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి?

50 నుంచి 100 మైళ్లలోపు, అంటే 80 నుంచి 160 కిలోమీటర్లలోపు ఒకసారి టార్క్ రెంచ్ పెట్టి చూడండి. కొత్త రిమ్ అయితే ఇది అస్సలు మానకండి.

టకోమా స్టెప్నీ స్టీల్ చక్రం. అలాయ్ నట్లనే దానికి వాడాలా?

దారిలో పంక్చరైతే వాడొచ్చు, సాకెట్ కూడా అదే 21. కానీ ఆనే పద్ధతి వేరు. అలాయ్ చక్రంలో నట్టు కింద ఉన్న వాషర్ చక్రానికి తగులుతుంది. స్టీల్ చక్రంలో వాషర్ కాదు, నట్టు చివర ఏటవాలుగా ఉన్న భాగం రంధ్రం అంచులో కూర్చోవాలి. ఒక్కో నట్టూ మధ్యలో సరిగ్గా దిగిందో లేదో కంటితో చూసి బిగించండి. ఇంటికి రాగానే అసలు చక్రం వేయించుకోండి.

ఏడాదికి రెండుసార్లు వాడటానికి టార్క్ రెంచ్ కొనాలా?

కొనకపోయినా పని జరుగుతుంది. ఆటోజోన్, ఒరైలీ లాంటి విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కట్టి పనిముట్లు ఇంటికి తెచ్చుకోవచ్చు, తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. 1/2 డ్రైవ్‌ది, 150 ఫుట్-పౌండ్లు దాటి కొలిచేది అడగండి. కొనుక్కున్నవాళ్లు పని అయ్యాక క్లిక్ రకం రెంచ్‌ను దాని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టండి, లోపలి స్ప్రింగ్ కొలత నిలుస్తుంది.

ఊళ్లో నాన్నగారి బొలెరో పికప్‌కి ఇక్కణ్ణుంచి సాకెట్ తెమ్మంటున్నారు. ఏది తీసుకెళ్లను?

అంగుళాల సెట్ తీసుకెళ్లకండి, అక్కడి బండ్లన్నీ మి.మీ.లోనే. నట్టు ఎదురెదురు పలకల మధ్య వెర్నియర్ పెట్టి, అంకె కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. నాన్నగారికి వీలు కాకపోతే ఊళ్లో పంక్చర్ షాపు అబ్బాయిని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తాడు. 1/2 అంగుళం డ్రైవ్ అక్కడా ఇక్కడా ఒకటే, కాబట్టి అక్కడ ఇప్పటికే ఉన్న రాట్చెట్‌కి మీ సాకెట్ ఎక్కుతుంది. పొడవాటి బార్ కూడా తీసుకెళ్తుంటే చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి, క్యాబిన్‌లోకి రానివ్వరు.